ఫోన్‌లో అష్టాచెమ్మ తయారు చేశాం: ఆడేవాళ్లు అడిగినవన్నీ పెట్టాలా?

గవ్వలాట_హన్మకొండ

నేనూ మరో ఇద్దరు మిత్రులమూ కలిసి ఫోన్‌లో ఆడుకునే అష్టాచెమ్మ తయారు చేశాము. వాకిట్లో సుద్దముక్కతో గీసుకుని ఆడే పద్ధతినే ఉంచాము: ఐదు వరుసల పటం, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఆ రెండింటిలో ఏదో ఒకటి పడితేనే కాయ పటం మీదికి వస్తుంది.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, యాప్ కింద అభిప్రాయాలు రాసేవాళ్లలో ఎక్కువ మంది "గవ్వలు మోసం చేస్తున్నాయి, నాకు పందెం పడదు, అవతలివాళ్లకే పడుతుంది" అంటున్నారు. గవ్వల వెనక ఏ మోసమూ లేదు. ఒక్కో గవ్వ వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమానమైన అవకాశమే ఇచ్చాము. మిగతావాళ్లు తలో నియమం అడుగుతున్నారు. ఒక కాయనైనా చంపితేనే లోపలి గళ్లలోకి పోవాలని కొందరు, చంపకున్నా పోనివ్వాలని కొందరు, వరుసగా మూడుసార్లు చెమ్మ పడితే ఆ పందేలు చెల్లవని కొందరు, చెల్లాలని కొందరు. డబ్బులు పెట్టి ఆడే గదులు కావాలని అడిగినవాళ్లూ ఉన్నారు.

అడిగింది చేయకపోతే జనం వెళ్లిపోతారని నా మిత్రుడి వాదన. అడిగిందల్లా చేస్తూ పోతే అది అష్టాచెమ్మగా మిగలదని నా వాదన. పెద్ద పెద్ద ఆటల చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ చాలా మంది ఉన్నారు కనుక అడుగుతున్నాను. తయారు చేసేవాడు ఆడేవాడి మాట ఎంతవరకు వినాలి?

మంచిర్యాల_స్క్వాడ్

వినాల్సిందే. 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 అనే వీడియో గేమ్ విషయంలో ఏం జరిగిందో చూడండి. డార్త్ వేడర్ పాత్ర కావాలంటే ఆటలో 60,000 క్రెడిట్లు కూడబెట్టాలన్నారు. అన్ని క్రెడిట్లు రావాలంటే పదుల గంటలు ఆడాలి, లేదంటే లోపల ఏముందో తెలియని అదృష్టపు పెట్టెలను డబ్బు పోసి కొనాలి. దానికి ఆ ఆటను తెచ్చిన ఈఏ సంస్థ రెడ్డిట్ అనే చర్చావేదికలో ఇచ్చిన సంజాయిషీకి ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి. ఆ దెబ్బకు 60,000 కాస్తా 15,000 అయింది, విడుదలకు ముందురోజు ఆటలోపలి కొనుగోళ్లను పూర్తిగా ఆపేశారు. ఆడేవాళ్లు గట్టిగా అరవకపోతే ఇందులో ఒక్కటి కూడా జరిగేది కాదు.

వేయిస్తంభాలు

మంచిర్యాల గారు చెప్పింది దోపిడీ గురించి. దాన్ని ఎదిరించడం ఆడేవాళ్ల హక్కు, అందులో నాకు రెండో మాట లేదు. కానీ హన్మకొండ గారి ప్రశ్న వేరు. ఆట రూపం ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించాలి అన్నది ఇక్కడ ప్రశ్న.

2019లో సెకిరో అనే కత్తియుద్ధపు ఆట వచ్చినప్పుడు "చాలా కష్టంగా ఉంది, తేలిక స్థాయి ఒకటి పెట్టండి" అని చాలా మంది అడిగారు. దాన్ని తయారు చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ పెట్టలేదు. ఆ ఆటలో శత్రువు కత్తి మన మీదికి వచ్చే క్షణాన్ని కనిపెట్టి అడ్డుకోవడమే ఆట. ఆ ఒత్తిడిని తీసేస్తే మిగిలేది బొమ్మలు మాత్రమే. వాళ్లు మెత్తబడి ఉంటే ఆ తర్వాత 2022లో వాళ్ల నుంచి ఎల్డెన్ రింగ్ లాంటి ఆట వచ్చేదని నేను అనుకోను. తయారీదారు తన చేతిలోని వస్తువు ఏమిటో తెలిసినవాడై ఉండాలి, అది తెలిసినప్పుడు కాదనగలగాలి.

కాజీపేట_ప్యాసింజర్

వేయిస్తంభాలు గారి మాట పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే 2018లో వచ్చిన సెలెస్ట్ అనే కొండ ఎక్కే ఆట కూడా అంతే కష్టమైనది. అందులో ఆట వేగం తగ్గించుకునే వీలు, అలసట లేకుండా ఎక్కే వీలు, దెబ్బ తగలకుండా ఉండే వీలు విడిగా పెట్టారు. కావలసినవాళ్లు వాడుకున్నారు, అక్కర్లేనివాళ్లు ముట్టుకోలేదు, ఆట గౌరవం తగ్గలేదు.

హన్మకొండ గారికి నా విన్నపం మాత్రం వేరే. నేను కాజీపేట నుంచి రామగుండం వైపు రోజూ రైల్లో పోయివచ్చే మనిషిని. మీ ఆట బాగుంది, నిజంగా బాగుంది. కానీ దారిలో సిగ్నల్ పోయిందంటే నా కాయలన్నీ పటం మీద ఉండగానే ఓడిపోయినట్టు రాసేస్తుంది. సిగ్నల్ తిరిగి వచ్చేసరికి మిగిలిన ముగ్గురూ ఆడుకుంటూ ఉంటారు, నాకు మాత్రం తలుపు మూసేసి ఉంటుంది. గవ్వల సంగతి తర్వాత చూడండి, ముందు ఇది చూడండి.

మంచిర్యాల_స్క్వాడ్

ఇది నాకూ జరిగింది. పెద్దపల్లి దాటాక రెండు చోట్ల తప్పకుండా పోతుంది.

కరీంనగర్_కోడలు

పైనున్న వాదనలన్నీ అభిప్రాయం రాసేవాళ్ల గురించే సాగుతున్నాయి. రాయనివాళ్ల గురించి ఒక మాట చెప్పాలని ఉంది.

మా అత్తమ్మ మీ ఆట ఆడుతుంది. ఆమెకు ఈ ఆటలో ఉన్న నేర్పు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఏ కాయను వెనక నిలపాలో, ఎవరిని గాటు గడిలో (అక్కడ కాయను చంపడానికి వీల్లేదు) దాటనివ్వాలో ఆమెకు చూడగానే తెలుస్తుంది. కానీ ఫోన్‌లో ఆమె ఓడిపోతూ ఉంటుంది. ఎందుకు ఓడిపోతున్నదో నేను పక్కన కూర్చుని చూశాను. అద్దాలు పెట్టుకున్నా ఫోన్‌ను చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుంటుంది. ఒకే గడిలో రెండు కాయలు ఉన్నప్పుడు బొటనవేలు రెండింటి మీదా పడుతుంది, జరపాలనుకున్నది ఒకటైతే జరిగేది ఇంకొకటి. జరిగిన దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆలోచించే లోపు పైన తిరిగే గడియారం అయిపోతుంది, వంతు పక్కవాళ్లకు పోతుంది. ఆమె "ఈ పోరగాండ్లకు ఎందుకింత తొందర" అని ఫోన్ నా చేతికి ఇస్తుంది.

ఆమె ఎప్పుడూ అభిప్రాయం రాయదు, రాయాలన్న సంగతే ఆమెకు తెలియదు. యాప్‌కు రేటింగ్ చుక్కలు ఇవ్వదు, తిట్టదు, ఒక రోజు ఆడటం మానేస్తుంది. ఈ ఆట అసలు ఎవరి ఆటో, వాళ్లలో ఎక్కువ మంది ఇలాంటివాళ్లే. ఆడేవాళ్ల మాట వినాలా వద్దా అని అడుగుతున్నారు కదా, మీకు చేరుతున్న మాట ఎంత మందిదో ముందు చూసుకోండి.

టెస్టర్_పరకాల

కోడలు గారు పక్కన కూర్చుని చేసిన పనిని మా వృత్తిలో ప్లేటెస్ట్ అంటారు. మాది పరకాల, మాదాపూర్‌లో మొబైల్ ఆటలు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. నా అనుభవంలో ఆటగాడిని "ఎలా ఉంది" అని అడిగితే వచ్చే జవాబుకూ, అతను ఆడుతున్నప్పుడు మాట్లాడకుండా చూస్తే తెలిసే విషయానికీ చాలా తేడా ఉంటుంది. మొహమాటం కొద్దీ బాగుందని చెప్పే మనిషి మూడో స్థాయిలో అదే గోడను పదే పదే గుద్దుకుంటూ ఉంటాడు.

2007లో వచ్చిన హేలో 3 అనే తుపాకుల ఆట కోసం మైక్రోసాఫ్ట్ ఇదే పనిని పెద్ద ఎత్తున చేసింది. బయటి నుంచి ఆటగాళ్లను పిలిపించి ఆడించి, ఎవరు ఎక్కడ చనిపోతున్నారో పటం మీద రంగులతో గుర్తులు వేసుకున్నారు. ఒకే చోట గుర్తులన్నీ పోగుపడితే అక్కడ దారి అర్థం కావడం లేదనో, తుపాకీ అందడం లేదనో తెలుసుకుని సరిచేసేవారు. ఆ పటంలోని గుర్తులకు పెద్ద గొంతు, చిన్న గొంతు అనే తేడా ఉండదు.

ముగ్గురే ఉన్న బృందానికి అంత పరికరాలు అక్కర్లేదు. మీ ఇళ్లలో ఉన్న పెద్దవాళ్లకూ, హైస్కూలు పిల్లలకూ ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. మధ్యలో కలగజేసుకుని "అది కాదు, ఇది నొక్కు" అని చెప్పకండి. మా బృందంలో కొత్తగా చేరినవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని నోరు మూసుకుని చూడటమే.

గవ్వలాట_హన్మకొండ

గడియారం, కాయల పరిమాణం, సిగ్నల్ పోయినప్పుడు వంతు నిలపడం, ఈ మూడూ రాసుకున్నాను. వీటిలో వాదించాల్సింది ఏమీ లేదు, చేసేస్తాము. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం గవ్వల మీద వస్తున్న ఆరోపణే. న్యాయంగా వేస్తున్న పందేన్ని దొంగ పందెం అంటే ఏం సమాధానం చెప్పాలి?

జగిత్యాల_లెక్కలసారు

లెక్క వేసి చూద్దాం. సమానమైన గవ్వలు నాలుగు వేస్తే 16 రకాలుగా పడవచ్చు. అందులో నాలుగూ వెల్లకిలా పడేది ఒక్కటి, నాలుగూ బోర్లా పడేది ఒక్కటి. కాబట్టి కాయ పటం మీదికి వచ్చే అవకాశం 16లో 2, అంటే 8లో 1.

ఇది విన్నవాళ్లు ఎనిమిది పందేల్లో ఒకటి తప్పకుండా పడుతుందని అనుకుంటారు. అలా పడదు. ఎనిమిది పందేలు వేసినా చెమ్మగానీ అష్టగానీ పడని ఆటగాళ్లు నూటికి 34 మంది ఉంటారు. పదహారు వేసినా పడనివాళ్లు నూటికి 12 మంది ఉంటారు. ఇప్పుడు నలుగురు కలిసి ఆడుతున్నారని గుర్తుంచుకోండి. నలుగురిలో కనీసం ఒక్కరైనా ఎనిమిది పందేల దాకా ఖాళీగా కూర్చునే ఆటలు నూటికి 81 ఉంటాయి.

అంటే మీ ఆటలో ఐదింట నాలుగుసార్లు, ఎవరో ఒకరు మిగతావాళ్ల కాయలు తిరుగుతుండగా తాను చేతులు ముడుచుకుని చూస్తూ ఉంటారు. ఫోన్ తెరిచి మీకు ఒక చుక్క ఇచ్చేది ఆ మనిషే. అతనికి అబద్ధం ఆడాలన్న ఉద్దేశం లేదు, తనకు జరిగింది చెబుతున్నాడు.

నక్కలగుట్ట_గేమర్

సారు లెక్క చదివాక నాకు సిడ్ మెయర్ గుర్తుకు వచ్చారు. సివిలైజేషన్ ఆటల రూపకర్త ఆయన. 2010లో అమెరికాలో జరిగిన గేమ్ డెవలపర్ల సదస్సులో ఆయన ఈ సంగతే చెప్పారు. యుద్ధంలో మూడుకు ఒకటి చొప్పున బలం తమవైపు ఉన్నప్పుడు ఓడిపోతే ఆటగాళ్లు ఆట తప్పంటారు. అదే లెక్కలో బలం అవతలివైపు ఉన్నప్పుడు తాము గెలిస్తే ఎవరూ ఏమీ అనరు. చివరికి ఆయన లెక్కనే ఆటగాళ్ల మనసుకు తగ్గట్టు సవరించారు.

జపాన్ వాళ్ల ఫైర్ ఎంబ్లమ్ అనే యుద్ధపు ఆట ఇంకొంచెం ముందుకు వెళ్లింది. 2002లో వచ్చిన భాగంలో, దెబ్బ తగులుతుందా లేదా అని తేల్చడానికి యాదృచ్ఛికంగా తీసిన ఒక సంఖ్యకు బదులు రెండు సంఖ్యల సగటు తీశారు. తెర మీద 75 శాతం అని కనిపిస్తే నిజానికి సుమారు 88 శాతం తగులుతుంది. దాన్ని ఎవరూ మోసం అనలేదు.

కాబట్టి నా సలహా ఇది. పందెం పడనివాడికి ప్రతి వంతుకూ అవకాశాన్ని కొద్దికొద్దిగా పెంచండి. పడగానే మళ్లీ మామూలు స్థాయికి తెచ్చేయండి. ఫిర్యాదులు వాటంతట అవే ఆగిపోతాయి.

వేయిస్తంభాలు

నక్కలగుట్ట గారూ, మీరు చెప్పిన రెండూ ఒక మనిషి యంత్రంతో ఆడే ఆటలు. అక్కడ యంత్రానికి అన్యాయం జరిగినా అడిగేవారు లేరు. ఇది నలుగురు మనుషులు ఒకరి మీద ఒకరు ఆడే ఆట. మీరు ఒకరికి రహస్యంగా అవకాశం పెంచితే, అదే క్షణంలో ముగ్గురికి రహస్యంగా తగ్గించినట్టే. ఇప్పుడు వస్తున్నది తప్పుడు ఆరోపణ, మీ సలహా పాటిస్తే అది నిజమైన ఆరోపణ అవుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

నక్కలగుట్ట_గేమర్

రహస్యంగా చేయమని నేను అనలేదు. నియమాల పేజీలో రాసి చేయవచ్చు.

బొగ్గుబాయి_రెండోషిఫ్టు

గోదావరిఖని నుంచి రాస్తున్నాను. ఫోన్‌ను బాయి లోపలికి తీసుకుపోనివ్వరు కాబట్టి రెండో షిఫ్టు దిగి ఇంటికి వచ్చాకే ఇవన్నీ చదివాను. లెక్కలసారు గారు చెప్పింది అర్థమైంది, కానీ నాకు ఒక అనుమానం మిగిలే ఉంది.

మా ఇంట్లో గవ్వలతో కాకుండా చింతగింజలతో ఆడతాము. గింజను తీసుకుని ఒకవైపు బండ మీద నీళ్లు చల్లి అరగదీస్తాము, నల్ల తోలు పోయి తెల్లపప్పు కనిపించే దాకా. రెండోవైపు నల్లగా, ఉబ్బెత్తుగా అలాగే ఉంటుంది. ఆ గింజలు వేసినప్పుడు సమానంగా పడటం నేను ఎప్పుడూ చూడలేదు. మా నాయన అరగదీసిన పాత జతలో తెల్లవైపే ఎక్కువగా పైకి వస్తుంది. కొత్తగా మా చెల్లె చేసిన జత అలా పడదు. ఏ జతతో ఆడాలో ముందే తగాదా పడి తేల్చుకుని కూర్చుంటాము.

గవ్వల సంగతీ అంతే. గవ్వ వీపు గుండ్రంగా, పొట్ట చదునుగా ఉంటుంది, అది రూపాయి బిళ్లలాగా ఎందుకు పడుతుంది? హన్మకొండ అన్న సమానంగా పెట్టానని న్యాయంగానే చెబుతున్నాడు, కాదనను. కానీ మా ఇంట్లో ఇంతసేపు ఎవరూ ఖాళీగా కూర్చోరు. మీ ఆటలో ఏదో తేడా ఉందని నాకు మొదటి రోజే అనిపించింది, అదేమిటో చెప్పడం చేతకాలేదు.

జగిత్యాల_లెక్కలసారు

బొగ్గుబాయి గారూ, మీ అనుమానం చాలా విలువైనది. లెక్క వేసి చూశాను, మీరే సరి.

ఒక గవ్వ వెల్లకిలా పడే అవకాశం సరిగ్గా సగం అయితే చెమ్మ, అష్ట రెండూ కలిపి నూటికి పన్నెండున్నర. ఆ అవకాశం పదిలో ఆరు అనుకోండి. నాలుగూ వెల్లకిలా పడేది పదివేలకు 1,296, నాలుగూ బోర్లా పడేది పదివేలకు 256. రెండూ కలిపితే నూటికి పదిహేనున్నర. పదిలో ఏడు అనుకుంటే రెండూ కలిపి నూటికి దాదాపు 25, అంటే నాలుగు పందేల్లో ఒకటి. నాలుగు గవ్వలూ ఒకే పక్కకు మొగ్గితే, అది ఏ పక్కైనా, కాయ దిగే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. అలాంటి జతలతో పోలిస్తే అన్నిటికంటే తక్కువ అవకాశం ఇచ్చేది సరిగ్గా సమానంగా పడే గవ్వ. హన్మకొండ గారు ఏరికోరి పెట్టింది దాన్నే. అలా ఒక పక్కకు మొగ్గే జతతో ఏ ఊళ్లో ఆడినవాళ్లకైనా మీ ఆట మందకొడిగానే అనిపిస్తుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. పదిలో ఏడుసార్లు వెల్లకిలా పడే గవ్వలతో చెమ్మ నూటికి 24 పడుతుంది గానీ అష్ట నూటికి ఒకటి కూడా పడదు. రెండూ ఎక్కువ పడాలని అడిగేవాళ్ల కోరిక మాత్రం ఏ గవ్వలూ తీర్చలేవు.

టెస్టర్_పరకాల

ఈ చర్చను మా ఆఫీసులో చూపిస్తాను. "మోసం" అన్న మాటను పట్టుకుని ఉంటే కోడ్ చూసి, మోసం లేదని తేల్చి ఫిర్యాదును మూసేసేవాళ్లం. ఆట ఇంట్లో ఆడినట్టు లేదన్నది అసలు ఫిర్యాదు. ఆ మాట ఎవరూ రాయలేదు, అందరూ అదే చెప్పారు.

మంచిర్యాల_స్క్వాడ్

అయితే జనం మాట వినాలన్న నా మొదటి వాదనే నిలిచింది కదా. మరి డబ్బు గదుల సంగతి ఏమిటి? అడిగినవాళ్లూ ఉన్నారని హన్మకొండ గారే చెప్పారు.

వేయిస్తంభాలు

అది వినకూడదు. వినడానికి చట్టం కూడా ఒప్పుకోదు. మన రాష్ట్రం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్‌లో డబ్బు పందేల ఆటలను నిషేధించింది, నడిపేవాళ్లకు జైలుశిక్ష కూడా పెట్టింది.

చట్టం సంగతి పక్కన పెట్టినా నా మాట అదే. మా వాడకట్టులో డబ్బు ఆటల యాప్‌లలో మునిగి బండి అమ్ముకున్న కుటుంబాన్ని చూశాను. ఆ యాప్ కూడా ఆడేవాళ్లు కోరిందే ఇచ్చింది. పెద్ద పందెం కావాలంటే పెద్ద పందెం, అర్ధరాత్రి కావాలంటే అర్ధరాత్రి. కరీంనగర్ కోడలు గారి అత్తమ్మ ఆడే పటం మీదికి అది రాకూడదు.

కరీంనగర్_కోడలు

ఈ ఒక్క విషయంలో వేయిస్తంభాలు గారి వెనక నిలబడతాను. ఆ గది తెరిచిన రోజు మా ఇంట్లో ఫోన్లన్నిటి నుంచి ఈ ఆట తీసేస్తాను.

గవ్వలాట_హన్మకొండ

ఆ గదులు ఉండవు. నా మిత్రుడు కూడా ఆ ఆలోచన ఎప్పుడో వదిలేశాడు. ఇక మిగిలింది నియమాల గొడవ. దానికి ఓటింగ్ పెడదామా అని ఆలోచిస్తున్నాము.

నక్కలగుట్ట_గేమర్

ఓటింగ్ పెట్టి నడుస్తున్న ఆట ఒకటి ఉంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆ ఆన్‌లైన్ ఆట 2013లో మొదలైంది, పాత రూపం మళ్లీ కావాలని ఆటగాళ్లు ఓటు వేస్తేనే అది పుట్టింది. అందులో ఏ కొత్త సంగతి చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి. మొదట నూటికి 75 మంది ఒప్పుకోవాలన్నారు, తర్వాత దాన్ని 70కి దించారు. 2019లో వార్డింగ్ అనే కొత్త విద్యను పెడదామంటే మూడింట రెండు వంతుల మంది సరేనన్నా 75 దాటలేదు కాబట్టి పక్కన పెట్టారు. అంత కచ్చితంగా పాటించారు కాబట్టే ఆటగాళ్లకు నమ్మకం కుదిరింది.

ఓటు లేకుండా తమకే తెలుసనుకున్నవాళ్లూ ఉన్నారు. 2013లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట పాత రూపం మళ్లీ తెస్తారా అని ఒక అభిమాని సభలో అడిగితే, అది కావాలని మీరనుకుంటున్నారు గానీ నిజానికి మీకది అక్కర్లేదని వేదిక మీది నుంచి జవాబు వచ్చింది. 2019 ఆగస్టులో అదే కంపెనీ ఆ పాత రూపాన్నే విడుదల చేసింది, మొదటి రోజుల్లో లోపలికి పోవడానికి గంటల తరబడి వరుసలు కట్టారు. అరగంట మాటలతో తేలిపోయే పనికి ఆరేళ్లు పట్టింది.

టెస్టర్_పరకాల

రూన్‌స్కేప్ ఉదాహరణ ఇక్కడ సరిపడదని నా అభిప్రాయం. అక్కడ అందరూ ఒకే లోకంలో తిరుగుతారు, కాబట్టి అందరికీ ఒకే నియమం కావాలి, దానికి ఓటు కావాలి. అష్టాచెమ్మలో ఒక్కో పటం ఒక్కో లోకం. జగిత్యాలలో ఆడే నలుగురు మూడు చెమ్మలు చెల్లవనుకుంటే జనగామలో ఆడే నలుగురికి వచ్చిన నష్టం ఏమీ లేదు. ఓటు పెడితే ఎక్కువ మంది ఉన్న ఊరి పద్ధతి నిలిచి, చిన్న ఊరి పద్ధతి ఫోన్ లోంచి మాయమవుతుంది. తర్వాతి తరం దాన్ని ఎక్కడ చూస్తుంది?

ఇంకొకటి. చెప్పింది చేసి చూపించకుండా ఓట్లు, వాగ్దానాలు ప్రకటించడం ప్రమాదం. నో మ్యాన్స్ స్కై అనే అంతరిక్ష ఆట 2016 ఆగస్టులో వచ్చినప్పుడు చెప్పినవి సగం లేవని అందరూ తిట్టారు. దాన్ని తయారు చేసిన హలో గేమ్స్ వాళ్లు నెలల తరబడి ఒక్క మాట మాట్లాడలేదు, నవంబరులో ఏకంగా పెద్ద నవీకరణ తెచ్చారు. అలా ఏటా ఉచితంగా ఇస్తూ, 2018లో నలుగురు కలిసి ఆడే వీలును కూడా పూర్తి స్థాయిలో తెచ్చారు. ఇప్పుడు ఆ ఆటను మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లు తిట్లన్నీ చదివే పని చేశారు, జవాబు మాత్రం ఆటలో ఇచ్చారు.

బొగ్గుబాయి_రెండోషిఫ్టు

పరకాల గారు చెప్పినట్టే మేము ఆడతాము. పటం గీసినవాళ్లు కూర్చోబోయే ముందు అడుగుతారు: చంపుడు ఉందా లేదా, మూడు చెమ్మలు చెల్లుతాయా లేదా. అందరూ సరేనన్నాకే మొదటి పందెం. ఆట మధ్యలో మాట మార్చినవాణ్ని మళ్లీ పిలవరు. ఫోన్‌లో కూడా గది తెరిచినవాళ్లు ముందే చెప్పాలి, నచ్చినవాళ్లు చేరాలి.

కరీంనగర్_కోడలు

గది తెరిచే మనిషికి నాలుగు ప్రశ్నలకు మించి అడగకండి. పది ప్రశ్నలు వస్తే మా అత్తమ్మ వెనక్కి నొక్కేస్తుంది. ఆ ప్రశ్నలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. "చంపుడు ఉందా?" అని అడగండి, ఆమెకు అర్థమవుతుంది.

గవ్వలాట_హన్మకొండ

నిన్న రాత్రి ముగ్గురమూ కూర్చుని ఈ చర్చ మొత్తం చదివాము. తేల్చుకున్నవి చెబుతున్నాను.

నియమాలకు ఓటింగ్ ఉండదు. గది తెరిచినవాళ్లే చంపుడు, మూడు చెమ్మలు, గడియారం గురించి ముందే చెబుతారు, చేరేవాళ్లకు అవి తలుపు దగ్గరే కనిపిస్తాయి. గడియారాన్ని పూర్తిగా ఆపుకునే వీలు కూడా ఇస్తాము. సిగ్నల్ పోయినవాళ్ల కాయలు పటం మీదే ఉంటాయి, వాళ్ల వంతు దాటిపోతుంది తప్ప ఆట పోదు. ఒకే గడిలో ఉన్న రెండు కాయల్లో ఒకదాన్ని నొక్కితే రెండూ పెద్దవై పక్కపక్కన తెరుచుకుంటాయి.

పందెం పడనివాళ్లకు అవకాశం పెంచుతూ పోయే పద్ధతి మాత్రం పెట్టము. నక్కలగుట్ట గారికి ఇది నచ్చకపోవచ్చు. నలుగురికీ ఒకే గవ్వలు ఉండాలి, అవి ప్రతి పందేనికీ ఒకేలా ఉండాలి. అయితే ఆ గవ్వలు నిజమైన గవ్వల్లా పడాలి. ఇప్పుడున్న సగం సగం లెక్క తీసేసి, ఇళ్లలో వాడే గవ్వలు, చింతగింజలు నిజంగా ఎలా పడతాయో లెక్కించి దాన్ని పెడతాము. ఏ జతలో ఏ పందెం నూటికి ఎన్నిసార్లు పడుతుందో నియమాల పేజీలో అందరికీ కనిపించేలా రాస్తాము. దానికి మీ ఇళ్లలోని గవ్వలు కావాలి. వేసి లెక్క రాసి పంపగలిగినవాళ్లు ఇక్కడే చెప్పండి.

నక్కలగుట్ట_గేమర్

నచ్చకపోవడం ఏమీ లేదు, నలుగురి ఆటలో అది కుదరదన్న మాట సబబే. మా నానమ్మ దగ్గర పెద్ద గవ్వలు ఉన్నాయి, ఆదివారం వేసి పంపుతాను.

కాజీపేట_ప్యాసింజర్

వంతు దాటిపోతే చాలు, అంతకంటే నేను కోరేది లేదు. నా దగ్గర గవ్వలు లేవు గానీ సిగ్నల్ పోయే చోట్ల కొత్త రూపాన్ని పరీక్షించి పెడతాను.

బొగ్గుబాయి_రెండోషిఫ్టు

చింతగింజల జతలు రెండూ వేస్తాను. నాయన చేసిన జత ఒక లెక్క, చెల్లె చేసిన జత ఒక లెక్క. రెండింటినీ కలిపి సగటు తీయకండి, అవి రెండు వేర్వేరు ఆటలు.

జగిత్యాల_లెక్కలసారు

లెక్క రాసేవాళ్లందరికీ ఒక విన్నపం. చెమ్మ ఎన్ని, అష్ట ఎన్ని అని మాత్రమే రాస్తే చాలదు. నాలుగు గవ్వలకూ నాలుగు రంగుల చుక్కలు పెట్టి, ప్రతి పందేనికీ ఏ గవ్వ ఎలా పడిందో విడివిడిగా రాయండి, ఎందుకంటే ఒకే జతలో కూడా గవ్వకూ గవ్వకూ తేడా ఉంటుంది. యాభై, అరవై పందేలతో ఏమీ తేలదు, కనీసం ఐదు వందలు వేయాలి. ఇంట్లో పిల్లలు ఉంటే వంతులవారీగా వేయించండి. అరచేతిలో ఆడించి వేసినవీ, గిన్నెలో వేసి కుమ్మరించినవీ కలపకండి. మట్టి వాకిట్లో వేసినవి ఒక కాగితం మీద, బండల మీద వేసినవి ఇంకో కాగితం మీద రాసి ఫోటో ఇక్కడ పెట్టండి, పట్టిక నేను తయారు చేస్తాను.